సొంతూరికి విదేశీయుడిగా తిరిగి రావడం: ఓసీఐ కార్డుతో ఏమొస్తుంది, ఏం రాదు

పోయినేడాది వానాకాలం నాట్లు పడ్డాక ఒకరోజు పొద్దున్నే మా పెద్దనాన్న కొడుకుతో కలిసి ఎమ్మార్వో ఆఫీసుకు పోయాను. అన్న పాతికేళ్ల కింద అమెరికా పోయాడు, పదేళ్ల కింద అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. పిల్లలిద్దరూ అక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్నాక, వదినా తనూ పరకాల వైపు వచ్చి ప్రశాంతంగా ఉండిపోదామని నిర్ణయించుకున్నారు. పెద్దనాన్న భూమి పక్కనే ఒక ఎకరం అమ్మకానికి వచ్చింది. ఒడ్డు ఒకటే, బాయి నీళ్లు ఒకటే. వేరే దేశ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఇక్కడి మనిషి లెక్కే, ఏదైనా కొనుక్కోవచ్చని మధ్యవర్తి గట్టిగా చెప్పాడు. మూడు లక్షలు బయానా ఇచ్చాం. అన్న ఎప్పుడో సెలవుల్లో వచ్చినప్పుడు తీయించుకున్న పాత ఆధార్ మీద స్లాట్ బుక్ చేశాం. అమ్మే పెద్దమనిషి కొడుకులిద్దరినీ, బిడ్డనూ వెంటబెట్టుకొని వచ్చాడు, సాక్షులు వచ్చారు. వేలిముద్రలకు పిలిచే ముందు తహసీల్దార్ మర్యాదగానే ఒక మాట అడిగాడు: "మీరు అమెరికాలో ఉంటారు కదా సార్, ఇప్పుడు మీది ఏ పాస్‌పోర్ట్?"

అన్న దాచలేదు. నీలం రంగు ఓసీఐ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన రెండు పేజీలు తిప్పి చూసి తిరిగిచ్చేసి, "దీంతో ఇల్లు కొనుక్కోండి, ప్లాట్ కొనుక్కోండి, వ్యవసాయ భూమి మాత్రం కుదరదు" అన్నాడు. అంతే, పది నిమిషాల్లో అందరం బయటికి వచ్చి చెట్టు కింద నిలబడ్డాం. అమ్మే పెద్దమనిషి బయానా పైసలు అప్పటికే బిడ్డ పెండ్లికి వాడేశాడు, అవి తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో ఆయన తప్పేం లేదు. నిజానికి ఆ ఆఫీసు తప్పు కూడా లేదు. అడగాల్సిన ప్రశ్న మేం ముందే అడగలేదు, అంతే.

ఆ తర్వాత చాలా నెలలు నేను ఈ రూల్స్ వెంటే తిరిగాను, చార్టర్డ్ అకౌంటెంట్లను అడిగాను, చట్టాల్లో ఉన్న మాటలు నేనే చదివాను. హనుమకొండ, హుజూరాబాద్, జమ్మికుంట, నర్సంపేట వైపు ఇంటికొకరు చొప్పున అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఉన్నారు, యాభై దాటాక వాళ్లలో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే, చిన్న ఊళ్లో తక్కువ ఖర్చుతో నెమ్మదిగా బతకాలని. వాళ్లలో ఒక్కరికైనా మా అన్నకు జరిగినట్టు జరగకూడదని ఇది రాస్తున్నాను.

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, "నేను విదేశీయుడినా కాదా" అనేది ఒక్క ప్రశ్న అనుకుంటాం. అది మూడు వేరువేరు ప్రశ్నలు. నీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది అనేది మొదటిది, దాన్ని పౌరసత్వ చట్టం చూస్తుంది. డబ్బు, ఆస్తుల విషయంలో నువ్వు ఏ దేశంలో నివసిస్తున్నట్టు అనేది రెండోది, అది విదేశీ డబ్బు లావాదేవీలు చూసే ఫెమా చట్టం పని. ఆదాయ పన్నుకు నువ్వు ఏ దేశ నివాసివి అనేది మూడోది, అక్కడ లెక్కంతా రోజులతోనే. ఒకే మనిషి ఒకే రోజున మొదటిదాంట్లో విదేశీయుడు, రెండోదాంట్లో ఇండియా నివాసి, మూడోదాంట్లో సగం సగం కావచ్చు. బ్యాంకు మేనేజర్ రెండోదాని గురించి చెప్తాడు, ఆడిటర్ మూడోదాని గురించి చెప్తాడు, భూముల మధ్యవర్తి ఏదీ తెలియకుండా చెప్తాడు, మనం ఆ మూడూ కలిపి వింటాం.

ముందు పాస్‌పోర్ట్ సంగతి. మన దేశంలో రెండు పౌరసత్వాలు లేవు. ఇష్టపూర్వకంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం భారత పౌరసత్వం పోతుంది, ఎవరో వచ్చి రద్దు చేయాల్సిన పని లేదు. పాత ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, దాంతో ప్రయాణం చేస్తే నేరం. తర్వాత ఇచ్చేదే ఓసీఐ కార్డు. మొదటి కార్డులు ఇచ్చింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు. ఓవర్సీస్ సిటిజన్ అన్న ఆ పేరే సగం మందిని తప్పుదారి పట్టిస్తోంది. అందులో సిటిజన్ అన్న మాట ఉంది గానీ పౌరసత్వం లేదు. అది జీవితాంతం చెల్లే వీసా, దానికి కొన్ని హక్కులు జోడించారు. ఎన్నేళ్లైనా ఉండొచ్చు, వీసా పొడిగింపుల కోసం తిరగక్కర్లేదు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు కూడా అక్కర్లేదు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఇక్కడే స్థిరంగా ఉండేవాళ్లు చిరునామా గానీ వృత్తి గానీ మారితే ఆ ఆఫీసుకు ఈమెయిల్ చేస్తే చాలు. ఓటు మాత్రం లేదు. ప్రభుత్వ ఉద్యోగం లేదు, ఎన్నికల్లో నిలబడటం లేదు. అన్నకు 1990ల్లో తీసిన పాత ఓటరు కార్డు ఒకటి ఉంది. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఊళ్లో వాళ్లు "లిస్టుల పేరుంది గద, వచ్చి ఏస్తే ఏమైతది" అని పిలిచారు. వేయకూడదు, పేరు తీసేయించుకోవాలి. అన్న ఆ పని మొదటి నెలలోనే చేశాడు.

ఇక్కడే మన ఉత్తర తెలంగాణ వాళ్లు గమనించాల్సింది ఒకటుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ పోయినవాళ్లు ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసినా ఆ దేశాలు మామూలుగా పౌరసత్వం ఇవ్వవు. కాబట్టి వాళ్లు ఎప్పుడు తిరిగొచ్చినా ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే వస్తారు, వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక పక్కింటి రైతు ఎట్లా కొంటాడో అట్లాగే భూమి కొనుక్కోవచ్చు. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లదీ అదే పరిస్థితి, పాస్‌పోర్ట్ ఇంకా మనదే కాబట్టి. కాకపోతే ఎక్కువ కాలం బయట ఉంటే ఆ గ్రీన్ కార్డు నిలవదు. అందుకే చాలామంది, మా అన్న లాగా, ఎప్పుడైనా పోయి రావడానికి వీలుంటుందని పౌరసత్వం తీసుకుంటారు. పిల్లల దగ్గరికి రాకపోకలు సులువైతాయి, పొలం దూరమైతది. ఈ బేరం గురించి ఆ రోజు ప్రమాణం చేసేటప్పుడు ఎవరూ చెప్పరు. చెప్పాల్సింది అప్పుడే.

భూమి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మోసాలన్నీ ఇక్కడే జరుగుతున్నాయి. ఓసీఐ ఉన్నవాళ్లు ఇల్లు, ఫ్లాట్, ఇంటి స్థలం, షాపు కొనొచ్చు, ఎన్నైనా కొనొచ్చు. కొనకూడనివి మూడు: వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు. ఇది 2019లో వచ్చిన ఫెమా రూల్స్‌లోనూ ఉంది, ఓసీఐల హక్కులు చెప్పే 2021 నోటిఫికేషన్‌లోనూ ఉంది. "నేను ఇక్కడే ఉంటున్నాను కదా" అని రెండో ప్రశ్న జవాబుతో మొదటి ప్రశ్నను దాటలేం. వారసత్వంగా వస్తే మాత్రం వ్యవసాయ భూమి కూడా ఉంచుకోవచ్చు. పెద్దనాన్న పోయాక ఎకరం ఇరవై గుంటలు విరాసత్ ద్వారా అన్న పేరు మీదికి వచ్చింది, దానికి ఏ అడ్డూ లేదు. అట్లా అన్న ఒడ్డుకు ఇవతల పట్టాదారు, అదే ఒడ్డు దాటితే కొనడానికి హక్కు లేని విదేశీయుడు. మొదటిసారి ఇది అర్థమైన రోజు ఆ ఒడ్డు మీదే చాలాసేపు నిలబడ్డాడు, నేను పక్కనే ఉన్నాను, ఏం మాట్లాడలేదు.

వారసత్వానికీ గిఫ్ట్‌కూ తేడా ఉంది, ఇది తెలియక చాలా ఇళ్లల్లో పొరపాటు జరుగుతోంది. తల్లిదండ్రులు బతికుండగానే ప్రేమతో, తర్వాత అన్నదమ్ముల మధ్య గొడవలు రాకూడదని, పొలాన్ని అమెరికా కొడుక్కి గిఫ్ట్ డీడ్ చేస్తారు. ఇల్లయితే గిఫ్ట్ ఇవ్వొచ్చు, వ్యవసాయ భూమి ఓసీఐకి గిఫ్ట్‌గా చెల్లదు. అదే భూమిని వీలునామా రాసి పెడితే తర్వాత వారసత్వంగా వస్తుంది, అది చెల్లుతుంది. కాగితం ఒక్కటి మారితే ఫలితం తలకిందులవుతుంది. అట్లా వచ్చిన పొలాన్ని తర్వాత అమ్మాలనుకుంటే ఇండియాలో ఉండే భారతీయులకే అమ్మాలి, ఇంకో ఓసీఐకి అమ్మడం కుదరదు.

తర్వాత హైవేల వెంట బోర్డులు పెట్టి అమ్మే ఫామ్ ప్లాట్లు. గేటు, మొక్కలు, చిన్న కాటేజీ బొమ్మ, వీకెండ్‌కు పిల్లలతో వచ్చి ఉండొచ్చని ప్రచారం, వాట్సాప్‌లో వీడియోలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఐదు గుంటలు, పది గుంటలు అని ముక్కలు చేసి అమ్ముతారు. వాటిలో చాలావరకు నాలా కన్వర్షన్ కాని, అంటే వ్యవసాయేతర వాడకానికి మార్పించని, వ్యవసాయ భూములే. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇది బయటపడదు. దీనికి నేను కనిపెట్టుకున్న గుర్తు ఒకటుంది. తెలంగాణలో 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర, ఇళ్లూ ప్లాట్ల రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర జరుగుతున్నాయి, 2025లో ధరణి పోయి భూ భారతి వచ్చినా ఈ విభజన అట్లాగే ఉంది. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో?" అని అడగండి. ఎమ్మార్వో ఆఫీసు అంటే అది వ్యవసాయ భూమి, ఓసీఐ చేతికి రాదు. సబ్ రిజిస్ట్రార్ అంటే అప్పుడు లేఅవుట్ పర్మిషన్, నాలా కాగితం, లింక్ డాక్యుమెంట్లు చూడటం మొదలుపెట్టొచ్చు. మేం మధ్యవర్తిని ఈ ఒక్క ప్రశ్న అడిగి, దాని అర్థం తెలుసుకొని ఉంటే బయానా ఇచ్చేవాళ్లమే కాదు.

మరి బావమరిది పేరు మీద కొంటే? అందరూ చెప్పే సలహా ఇదే, అన్నకు కూడా చెట్టు కిందే ఇద్దరు చెప్పారు. డబ్బు ఒకరిది, పట్టా ఇంకొకరిది అయితే దాన్ని బినామీ అంటారు. 2016లో సవరించిన బినామీ చట్టం కింద ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంది, ఆస్తి జప్తు ఉంది. ఫెమా ఉల్లంఘన కింద అందులో ఉన్న మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. ఇవేవీ జరగకపోయినా, రేపు ఆ బావమరిది కొడుకు "భూమి మా నాన్నది" అంటే కోర్టులో చూపించడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు. చుట్టరికాన్నీ భూమినీ రెంటినీ పోగొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న, ఫెమా నివాసం, త్వరగా చెప్పేస్తాను. ఇక్కడ స్థిరంగా ఉండాలనే ఉద్దేశంతో వచ్చేస్తే బ్యాంకు దృష్టిలో ఇక నువ్వు ప్రవాసివి కావు. ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ ఖాతాలను మామూలు ఖాతాలుగా మార్పించాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ల మీద పన్ను లేని వడ్డీ ప్రవాసిగా ఉన్నన్నాళ్లే, తిరిగొచ్చాక కూడా అట్లాగే వదిలేసి వడ్డీ తీసుకుంటూ పోవడం చాలామంది చేసే తప్పు. డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలనుకుంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా అని ఒకటుంది, దాని గురించి బ్యాంకులో మనమే అడగాలి, చిన్న ఊరి బ్రాంచిలో సాధారణంగా వాళ్లు చెప్పరు. ఆ పనికి హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో పెద్ద బ్రాంచికి పోవడం మేలు.

పన్ను దగ్గరికి వచ్చేసరికి రోజుల లెక్క. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే పన్ను నివాసి అవుతాం. 60 రోజులున్నా, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉంటే నివాసే, కాకపోతే చుట్టపుచూపుగా వచ్చిపోయే భారత సంతతి వాళ్లకు ఆ 60 విషయంలో సడలింపు ఉంది. నెల రోజుల సెలవుల మీద వచ్చిపోయిన వాళ్లకు 365 దాటదు. అందుకే వచ్చే తేదీ ముఖ్యం. జూన్‌లో దిగితే ఆ ఏడాదే నివాసి, అక్టోబర్ మొదటి వారం దాటాక దిగితే ఆ ఏడాది 182 నిండవు. వదిన బతుకమ్మకు ఇంట్లో ఉండాలని పట్టుబట్టి సెప్టెంబర్‌లోనే వచ్చేశారు, ఆ సంతోషం ముందు ఒక ఏడాది పన్ను లెక్క చిన్నదే అనుకున్నారు, అది వాళ్ల ఇష్టం. తెలిసి చేస్తే ఏదైనా సరే.

నివాసి అయిన వెంటనే ప్రపంచంలో ఎక్కడి ఆదాయం మీదైనా ఇక్కడ పన్ను పడుతుందని భయపడక్కర్లేదు. మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని ఆర్ఎన్ఓఆర్ అంటారు. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నా, లేదా గత ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి ఇక్కడ లేకపోయినా ఆ మెట్టు మీద ఉన్నట్టే. పాతికేళ్లు బయట ఉన్నవాళ్లకు ఇది మామూలుగా రెండు మూడేళ్లు దొరుకుతుంది. ఆ కాలంలో విదేశీ పెన్షన్ ఖాతాలు, షేర్ల ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. అక్కడి పాత పెట్టుబడులు అమ్మి సర్దుకోవడానికి ఇదే సమయం, దాన్ని పోనిచ్చుకుంటే మళ్లీ రాదు.

అమెరికా పౌరులకు ఇంకో బరువు ఉంది. వాళ్లు పరకాలలో ఉన్నా, అమెరికా దేశం తన పౌరుల నుంచి ఏటా రిటర్ను అడుగుతూనే ఉంటుంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని వేరే నివేదిక ఇవ్వాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లను వాళ్ల చట్టం చాలా కఠినంగా చూస్తుంది, పన్నూ ఎక్కువే, ఫారాలూ ఎక్కువే. బ్యాంకులో పరిచయం ఉన్న అబ్బాయి చెప్పాడని వాటిలో నెలనెలా డబ్బు పెట్టే సిప్ మొదలుపెట్టే ముందు రెండు దేశాల పన్నులు తెలిసిన ఆడిటర్‌ను ఒకసారి కలవండి. ఒక మంచి మాట కూడా ఉంది: అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఇక్కడికి వచ్చినా ఆగదు, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం దాని మీద పన్ను వేసే హక్కు అమెరికాదే. అన్నావదినల నెల ఖర్చు ఇప్పుడు దాంట్లోనే వెళ్లిపోతోంది.

ఖర్చు తక్కువే, అది నిజం. కిరాయి, కూరగాయలు, పాలు, ఇంటి పనికి మనిషి, కరెంటు, బస్సు, అన్నీ తక్కువ. శనివారం అంగడిలో రెండు సంచుల నిండా కూరగాయలు తెచ్చి వదిన బిల్లు డాలర్లలో లెక్కపెట్టి ఆశ్చర్యపోతుంటుంది. అయితే ఈ లెక్కను ఒక్కసారిగా తిప్పేసేది ఆరోగ్యం. ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు అన్నకు గుండెలో నొప్పి వచ్చింది. పరకాల నుంచి హనుమకొండకు కారులో పోయేసరికి నలభై నిమిషాలు దాటింది, దారంతా వదిన ఆయన చెయ్యి పట్టుకొని ఒక్క మాట మాట్లాడలేదు. ఈసీజీ, రక్త పరీక్షలు చేసి తెల్లారేసరికి గ్యాస్ నొప్పి అని తేల్చారు. ఆ నలభై నిమిషాల్లో నాకు అర్థమైంది, ప్రశాంతమైన ఊరంటే రాత్రిపూట గుండె డాక్టర్ లేని ఊరు కూడా. గుండె, కిడ్నీ, కేన్సర్ లాంటి పాత జబ్బులున్న వాళ్లు హనుమకొండ, కరీంనగర్ లాంటి చోటికి అరగంట దూరంలో ఇల్లు చూసుకోవాలి, ఇంకా లోపలికి పోవద్దు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ముందే మొదలుపెట్టాలి. అమెరికా మెడికేర్ మామూలుగా ఆ దేశం బయట చెల్లదు. అందులో పార్ట్ బి ప్రీమియం కట్టడం ఆపేస్తే, మళ్లీ ఎప్పుడైనా అక్కడికి పోయి చేరాలనుకున్నప్పుడు ఆపిన ప్రతి పన్నెండు నెలలకూ 10 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అది పోయేది కాదు. ఇక్కడి ఆరోగ్యశ్రీ రేషన్ కార్డుకు ముడిపడి ఉంది, ఓసీఐ వాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రైవేటు పాలసీ తీసుకోవచ్చు, 2024 నుంచి 65 దాటిన వాళ్ల కోసం కూడా కంపెనీలు పాలసీలు తేవాల్సిందే, కానీ ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకే నేను అందరికీ చెప్పేది, రావాలన్న ఆలోచన వచ్చిన ఏడాదే ఇక్కడి పాలసీ కొనండి, ప్రవాసిగా ఉండగానే కొనొచ్చు. ఆ మూడేళ్లు అక్కడ ఉద్యోగం చేస్తుండగానే గడిచిపోతాయి.

వచ్చిన కొత్తలో విసిగించేది ఆధార్. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ప్రవాసి దిగిన మర్నాడే దరఖాస్తు చేసుకోవచ్చు, ఓసీఐ అయితే అంతకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. ఇచ్చాక కూడా అది పదేళ్లే చెల్లుతుంది. ఈ ఆర్నెల్లు గ్యాస్ కనెక్షన్ దగ్గర, నల్లా దగ్గర, ప్రతి కౌంటర్ దగ్గర "ఆధార్ లేదా?" అంటారు. పాస్‌పోర్ట్, ఓసీఐ, కిరాయి ఒప్పందం, పాన్ కార్డు జిరాక్సులు పది సెట్లు కారులో పెట్టుకొని తిరగడమే దారి. పాత ఆధార్ ఉన్నవాళ్లు దాన్ని అట్లాగే వాడుకుంటూ పోకుండా పౌరసత్వం మారిన సంగతి సరిచేయించుకోవాలి, మాకు స్లాట్ దొరకడానికీ ఆఫీసులో పరువు పోవడానికీ కారణం ఆ పాత కార్డే.

పిల్లలు చిన్నవాళ్లయితే కథ వేరే. తిరిగొచ్చి ఇక్కడ ఇంటర్ చదివించి నీట్ రాయిద్దామనుకునే తల్లిదండ్రులు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి: 2021 మార్చి 4. ఆ రోజు తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలు మెడికల్, ఇంజినీరింగ్ సీట్లలో ప్రవాసుల కోటాలోనే పోటీ పడాలి, మామూలు సీట్లకు కాదు. అంతకు ముందే కార్డు ఉన్నవాళ్లకు పాత హక్కులు ఉంటాయని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లవాడు ఎంత బాగా చదివినా కార్డు మీది తేదీ అడ్డం వస్తుంది. కోటా ఫీజు ఎంతో చూసుకొని అప్పుడు ఊరి గురించి ఆలోచించండి.

భారత మూలాలు అసలు లేనివాళ్ల గురించి కూడా అడుగుతుంటారు, ముఖ్యంగా కోడలో అల్లుడో ఆ దేశం వాళ్లయినప్పుడు. పెండ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే వాళ్లకూ ఓసీఐ వస్తుంది. ఆ సంబంధం కూడా లేని మామూలు విదేశీయుడికి, రామప్ప గుడి చూసి ఇక్కడే ఉండిపోవాలనిపించినా సరే, దారి చాలా ఇరుకు. పోర్చుగల్, థాయ్‌లాండ్ లాంటి దేశాల్లో సొంత ఆదాయంతోనో పెన్షన్‌తోనో వచ్చి ఉండేవాళ్లకు వేరే వీసాలు ఉన్నాయి, ఇండియాలో రిటైర్మెంట్ వీసా లేదు. టూరిస్టు వీసా మీద కాపురం పెట్టడం కుదరదు. కిరాయికి ఇచ్చిన ఇంటి యజమాని కూడా విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు ఇవ్వాలి. ములుగు దారిలో ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్లకు ఇది తెలియాలి, తెలియకపోతే పోలీసులు మొదట వచ్చేది వాళ్ల దగ్గరికే.

ఇక కాగితాల్లో రాయని సంగతి ఒకటి. వచ్చిన మొదటి ఏడాది ఊళ్లో అన్నను పలకరించిన ప్రతి ఒక్కరూ ఒకే వరసలో పలకరించారు: "ఎప్పుడొచ్చినవ్ పటేలా? ఎప్పుడు వోతున్నవ్?" ప్రేమగానే అడుగుతారు. కానీ వందసార్లు విన్నాక అది ఎట్లా ఉంటుందో ఆయన ముఖంలో చూశాను. పైగా ఆయన వెతుక్కుంటూ వచ్చిన ఊరు ఇప్పుడు లేదు. చిన్నప్పటి దోస్తులు సగం హైదరాబాద్‌లో, వాళ్ల పిల్లలు టెక్సాస్‌లో, ఇళ్లల్లో ముసలివాళ్లు, తాళాలు. ఊరు నిశ్శబ్దంగా ఉందంటే అందులో ఖాళీ ఇళ్ల వాటా చాలా ఉంది. అందుకే కొనడానికి ముందు ఒక ఏడాది కిరాయికి ఉండి చూడండని చెప్తాను, ఎండాకాలం, నీళ్ల కరువు, దోమలు, ఒంటరి సాయంత్రాలు, అన్నీ ఒక చుట్టు తిరగాలి.

తిరిగి భారత పౌరుడు కావడానికి దారి లేకపోలేదు. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉంటే పౌరసత్వ చట్టం సెక్షన్ 5(1)(జి) కింద అడగొచ్చు. మంజూరైతే అమెరికా పౌరసత్వం వదులుకోవాలి, ఆస్తులు ఎక్కువున్న వాళ్లకు అట్లా వదులుకునేటప్పుడు కూడా ఆ దేశం ఒక పన్ను వేస్తుంది, ఆ తర్వాత మనవల దగ్గరికి పోవాలంటే వీసా క్యూలో నిలబడాలి. అన్నకు ఐదేళ్లు ఎప్పుడో నిండాయి, పన్నెండు నెలలు కూడా దగ్గరికి వచ్చాయి. ఫారం తెచ్చి బీరువాలో పెట్టుకున్నాడు. వదిన ఒక మాట అన్నది, చిన్నోడికి బిడ్డ పుట్టేదాకా ఆగుదామని. ఆగారు.

ఆ ఎకరం ఈ యాసంగికి ముందు ఊళ్లోనే ఇంకొకరు కొన్నారు, పరిచయం ఉన్నవాళ్లే. మొన్న మేం బాయికాడ ఉన్నప్పుడు ఆయన ఒడ్డు మీదికి వచ్చి అన్నతో, "మోటరు నువ్వు పొద్దున పెట్టుకుంటవా, మాపున పెట్టుకుంటవా? నాట్లు నీవి ముందు వడ్తయి గద" అన్నాడు. అన్న కాసేపు ఆలోచించి, పొద్దున పెట్టుకుంటానన్నాడు.